ఫొటో ఎక్కడ దాచినా ఇమేజ్ లైబ్రరీ చదివేలా సొంత రీడ్, రైట్ రొటీన్లు రాసుకోవడం ఎలా

చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ పాలిష్ చేసే ఒక యూనిట్‌కి స్లాబ్‌ల కేటలాగ్ ప్రోగ్రామ్ చేసి ఇచ్చాను. నేనుండేది ఒంగోలు, పెద్ద దూరం కాదు, ఏదన్నా తేడా వస్తే బండేసుకుని వెళ్లొచ్చు. ఒక్కో స్లాబ్‌కి రెండు ఫొటోలు, మొత్తం రాయిది ఒక జేపెగ్, దగ్గర నుంచి తీసింది ఒక పీఎన్‌జీ. గెలాక్సీలో నల్లటి రాయి మీద బంగారు రంగు చుక్కలుంటాయి కదా, బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వచ్చే మెరుపు అది, ఆ చుక్కలు ఎంత దట్టంగా ఉన్నాయో చూసే కొనేవాళ్లు రేటు మాట్లాడతారు, జేపెగ్‌లో గట్టిగా నొక్కితే ఆ చుక్కల అంచులు అలుక్కుపోతాయి, అందుకే దగ్గరి ఫొటో పీఎన్‌జీలో. ఇట్లాంటి చిన్న చిన్న ఫైళ్లు వేలకొద్దీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం పెద్ద పనైపోతోందని అన్నీ కలిపి ఒకే పెద్ద ఫైలుగా కట్టేశాను. దాన్ని ఇక్కడ మూట అంటాను. మూట మొదట్లో ఒక పట్టిక ఉంటుంది, ఏ స్లాబ్ ఫొటో ఎన్నో బైటు దగ్గర మొదలవుతుంది, ఎన్ని బైట్లు ఉంటుంది అని. ఇక ప్రశ్న ఏంటంటే, ఫైలు పేరిస్తే తెరిచే ఇమేజ్ లైబ్రరీని, అంటే ఫొటో ఫైళ్లు చదవడానికి వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్‌ని, మూట మధ్యలో ఉన్న ఫొటో తెరవమని ఎలా అడగాలి?

ముందు తేలికైన దారి చెప్తాను. ఫొటో చిన్నదైతే, ఒకటో రెండో మాత్రమే తెరిచేదుంటే, ఆ బైట్లన్నీ మెమరీలోకి చదివి మెమరీ నుంచే తెరవమని లైబ్రరీకి ఇవ్వండి. ఆ సదుపాయం చాలా లైబ్రరీల్లో ఉంది. దానితో పని జరిగిపోతే ఇక్కడితో ఆగిపోండి, ఊరికే కష్టపడొద్దు. సొంత రొటీన్లు, అంటే లైబ్రరీ పిలుచుకునేలా మనం రాసిచ్చే ఫంక్షన్లు, కావాల్సింది ఎప్పుడంటే, ఫొటో వందల ఎంబీ ఉన్నప్పుడు, వెడల్పు ఎత్తు మాత్రం తెలిస్తే చాలు మొత్తం చదవడం దండగ అన్నప్పుడు, బైట్లు నెట్‌వర్క్ నుంచి వస్తున్నప్పుడు, ఫైలు ఎన్‌క్రిప్ట్ చేసి ఉన్నప్పుడు, ఆండ్రాయిడ్‌లో ఏపీకే, అంటే యాప్ ప్యాకేజీ ఫైలు, లోపల ఉన్న ఫొటోలకి మామూలు ఫైలు దారి అంటూ లేనప్పుడు.

ఇల్లు కట్టే దగ్గర మేస్త్రీకి ఇటుకలు అందించే మనిషిని చూసే ఉంటారు. మేస్త్రీ పది ఇటుకలు అడుగుతాడు, అవి లారీలోంచి తెచ్చారా, పక్కింటి కుప్పలోంచి తెచ్చారా అనేది ఆయనకి అనవసరం. చేతికి పది అందాలి, అంతే. ఆరే ఉంటే ఆరే ఉన్నాయని చెప్పాలి. ఆరిచ్చి పది ఇచ్చానంటే గోడ వంకరపోతుంది. ఇక్కడ మేస్త్రీ ఇమేజ్ లైబ్రరీ, అందించే మనిషి మీరు రాసే రొటీన్. నేను పడ్డ తిప్పలన్నీ ఈ లెక్క దగ్గరే.

చాలా లైబ్రరీలు మీ నుంచి కోరేది నాలుగు పనులే. ఇన్ని బైట్లు ఇవ్వు అనేది రీడ్. ఫలానా చోటికి వెళ్లు అనేది సీక్. ఇప్పుడు ఎక్కడున్నావు అనేది టెల్. ఇవి రాసుకో అనేది రైట్. ఫ్రీఇమేజ్ అనే లైబ్రరీలో సరిగ్గా ఈ నాలుగే ఒక స్ట్రక్చర్‌లో పెట్టి ఇవ్వాలి, ఆ తర్వాత లోడ్ ఫ్రమ్ హ్యాండిల్ అని పిలవాలి. డెవ్‌ఐఎల్ అనే ఇంకో లైబ్రరీలో చదవడానికి ఏడు అడుగుతుంది, ఓపెన్, క్లోజ్, ఫైలు అయిపోయిందా, ఒక్క బైటు ఇవ్వు, రీడ్, సీక్, టెల్. ఎస్‌టీబీ ఇమేజ్ అనే చిన్న లైబ్రరీకి మూడు చాలు, రీడ్, స్కిప్, అయిపోయిందా అని. పేర్లు మారుతాయి గానీ అన్నిట్లోనూ ఇంకొక సంగతి ఉమ్మడిగా ఉంటుంది, యూజర్ పాయింటర్ లేదా హ్యాండిల్ అంటారు. మీరు ఏది ఇస్తే దాన్నే లైబ్రరీ లోపల చూడకుండా, ప్రతి పిలుపులోనూ తిరిగి మీ చేతికిస్తుంది. మీ సమాచారమంతా అందులోనే పెట్టుకోండి. గ్లోబల్ వేరియబుల్‌లో పెడితే రెండో ఫొటో తెరిచిన రోజే దెబ్బ తింటారు.

నా హ్యాండిల్‌లో నాలుగు అంశాలున్నాయి. మూట ఫైలు, ఈ ఫొటో మూటలో మొదలయ్యే చోటు, ఫొటో పొడవు, ఫొటో లోపల ఇప్పుడు నేనున్న చోటు. ఈ చివరిది ఎప్పుడూ ఫొటో మొదటి బైటుని సున్నా అనుకుని లెక్కపెట్టేది. అంకెలతో చూద్దాం. ఒక స్లాబ్ ఫొటో మూటలో 5,00,000వ బైటు దగ్గర మొదలై 3,20,000 బైట్లు ఉందనుకోండి. లైబ్రరీ సున్నాకి వెళ్లమంటే మీరు మూటలో 5,00,000కి వెళ్లాలి. చివరికి వెళ్లమంటే మూట చివరికి కాదు, 8,20,000కి. ఎక్కడున్నావని అడిగితే 8,20,000 అని కాదు, 3,20,000 అని చెప్పాలి. 3,19,000 దగ్గర ఉండగా 4,096 బైట్లు ఇమ్మంటే, మిగిలింది వెయ్యే కాబట్టి వెయ్యి ఇచ్చి వెయ్యి అనే చెప్పాలి. మూటలో ఆ పక్కనే ఇంకో స్లాబ్ ఫొటో ఉంది, జాగ్రత్త లేకపోతే దాని బైట్లు కూడా ఇచ్చేస్తారు. కొన్ని ఫార్మాట్లు దాన్ని పట్టించుకోవు, బొమ్మ బాగానే వస్తుంది, మీరు అంతా సరిగ్గా ఉందనుకుంటారు, ఆరు నెలల తర్వాత ఇంకో ఫార్మాట్‌తో బయటపడుతుంది.

టిఫ్ ఫైళ్లతో ఈ సున్నా సంగతి మరీ ముఖ్యం. టిఫ్ మొదటి 8 బైట్లలో అసలు వివరాల పట్టిక ఎక్కడుందో చెప్పే అంకె ఉంటుంది, ఆ పట్టిక ఫైల్లో ఎక్కడైనా ఉండొచ్చు, చాలాసార్లు చివర్లో ఉంటుంది, లోపలి అంకెలన్నీ ఫైలు మొదలు నుంచి లెక్కేసినవే. మీ సీక్ మూట మొదలు నుంచి లెక్కేస్తే లైబ్రరీ ఎవరిదో ఫొటో మధ్యలోకి పోయి పడుతుంది. వెనక్కీ ముందుకీ తిరగలేని చోటు నుంచి, అంటే సాకెట్‌లాంటి దాని నుంచి టిఫ్‌ని నేరుగా చదవాలనుకోవద్దు, ముందు మొత్తం తెచ్చుకుని అప్పుడు తెరవండి.

ఇప్పుడు లెక్క దగ్గరికొద్దాం. ఫ్రీఇమేజ్ రీడ్‌కి రెండు అంకెలొస్తాయి, ఒక్కో వస్తువు సైజు, ఎన్ని వస్తువులు అని. సీ భాషలో ఎఫ్‌రీడ్ లాగానే. తిరిగి చెప్పాల్సింది బైట్లు కాదు, పూర్తిగా ఇచ్చిన వస్తువులు ఎన్ని అని. బీఎంపీలో ఇన్ఫో హెడర్ అనే భాగం మామూలుగా 40 బైట్లు, దాన్ని 40 సైజు వస్తువు ఒకటి అని అడిగితే మీరు 40 అని చెప్పారంటే తప్పు, ఒకటి అని చెప్పాలి. ఎస్‌టీబీ ఇమేజ్‌కి మాత్రం బైట్లే చెప్పాలి. ఒక లైబ్రరీకి రాసిన రొటీన్ ఇంకోదానికి అతికించేటప్పుడు మొదట చూసుకోవాల్సింది ఇదే.

బైట్లు నెట్‌వర్క్ నుంచో పైపు నుంచో వస్తుంటే ఇంకో చిక్కుంది. మీరు 4,096 అడిగితే సిస్టమ్ 1,400 ఇచ్చి ఊరుకోవచ్చు, అది తప్పేమీ కాదు, మిగతాది ఇంకా దారిలో ఉంది, అంతే. కానీ లైబ్రరీకి అంతే చెప్పారంటే ఫైలు అక్కడితో అయిపోయిందనుకుంటుంది. అందుకని మీ రీడ్ లోపల లూప్ పెట్టి, అడిగినన్ని నిండేదాకానో, నిజంగా అయిపోయేదాకానో తిరగాలి. ఎర్రర్ వస్తే మైనస్ ఒకటి అని తిరిగి ఇవ్వొద్దు, ఆ మైనస్‌ని లైబ్రరీ ఎలా అర్థం చేసుకుంటుందో దాన్ని బట్టి ఎక్కడికైనా పోవచ్చు. అందినంతవరకు చెప్పి, ఎర్రర్ వచ్చిందన్న సంగతి మీ హ్యాండిల్‌లో గుర్తు పెట్టుకుని, లోడ్ అయ్యాక మీరే చూసుకోండి.

ఎస్‌టీబీ స్కిప్‌లో ఒక మెలిక ఉంది. ఇన్ని బైట్లు దాటెయ్ అనేది దాని పని, కానీ మైనస్ అంకె కూడా రావచ్చు, అంటే వెనక్కి రమ్మని అర్థం. చాలామంది ముందుకి మాత్రమే రాసి వదిలేస్తారు. ఇంకొకటి, ఈ లైబ్రరీ 128 బైట్ల చొప్పున తన బఫర్‌లోకి, అంటే తాత్కాలికంగా దాచుకునే మెమరీలోకి, చదువుకుంటుంది, కాబట్టి మీరు ఇచ్చిన చోటు, లైబ్రరీ నిజంగా వాడిన చోటు ఒకటే అయి ఉండవు. వెడల్పు ఎత్తు కోసం ఇన్ఫో అడిగి, వెంటనే లోడ్ అడిగేటప్పుడు మధ్యలో మీ స్థానాన్ని మీరే సున్నాకి తెచ్చుకోవాలి.

విండోస్‌లో మూటని తెరిచేటప్పుడు బైనరీ మోడ్ మర్చిపోతే ఏమవుతుందో దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే ఒకసారి ఇది చూస్తే మళ్లీ మర్చిపోరు. ప్రతి పీఎన్‌జీ ఫైలూ 137, 80, 78, 71, 13, 10, 26, 10 అనే ఎనిమిది బైట్లతో మొదలవుతుంది. టెక్స్ట్ మోడ్‌లో విండోస్ 13, 10 జంటని ఒక్క 10గా మార్చేస్తుంది, 26 కనిపిస్తే ఫైలు అయిపోయిందంటుంది. అప్పుడు మీ చేతికొచ్చేది 137, 80, 78, 71, 10, ఐదు బైట్లే. మీ లాగ్‌లో 8 అడిగారు, 5 ఇచ్చాం అని కనిపిస్తే ఇంక వేరే చోట వెతకొద్దు. ఇట్లాంటి చెడు మొదట్లోనే బయటపడాలనే పీఎన్‌జీ చేసినవాళ్లు ఆ బైట్లని అట్లా ఎంచి పెట్టారు, నాకు ఆ ఆలోచన మీద చాలా గౌరవం.

ఇక నాకు నిద్ర లేకుండా చేసింది రెండు జీబీల హద్దు. నా ల్యాప్‌టాప్‌లో లైనక్స్, అక్కడ అన్నీ తెరుచుకునేవి. యార్డులో విండోస్ మెషిన్ మీద ఒక వరస దాటాక ఏ స్లాబ్ కూడా తెరుచుకోలేదు. యార్డు సూపర్‌వైజర్ ఫోన్ చేసి, "అన్నా, పాతయ్యి బానే వస్తన్నయి, ఈ వారం ఎక్కించినయ్యి ఒక్కటి కూడా రావట్లా, ఏందిది?" అన్నాడు. కొనేవాళ్లు ఎదురుగా కూర్చుని ఉన్నారంట, టెన్షన్ అంతా ఇంతా కాదు. కారణం ఏంటంటే విండోస్‌లో లాంగ్ అనే రకం 64 బిట్ సిస్టమ్ మీద కూడా 32 బిట్లే, అందులో పట్టే పెద్ద అంకె 2,14,74,83,647. ఫైల్లో ఫలానా చోటికి వెళ్లడానికి వాడే మామూలు ఎఫ్‌సీక్ లాంగ్‌నే తీసుకుంటుంది. మూట ఆ అంకె దాటగానే అంకె తిరగబడి మైనస్‌లోకి పోయింది. లైబ్రరీ తప్పు కాదు, అది ఫొటో లోపలి చిన్న అంకెలే ఇస్తోంది, దానికి మూట మొదలు కలిపేది నేను, ఆ కూడిక 32 బిట్లలో చేసింది నేను. మొదలు, పొడవు, స్థానం మూడూ 64 బిట్లలో పెట్టి, విండోస్‌లో ఎఫ్‌సీక్‌కి ఉన్న 64 బిట్ల రూపం, లైనక్స్‌లో ఎఫ్‌సీకో వాడండి. మూట ఇంకా చిన్నదే కదా అని వాయిదా వేయొద్దు, అది పెరిగేదే.

పీఎన్‌జీలు చదివే లిబ్‌పీఎన్‌జీ లైబ్రరీ తీరు కొంచెం వేరు. సెట్ రీడ్ ఎఫ్‌ఎన్ అనే పిలుపుతో మీ రొటీన్ ఇస్తారు, అది ఎన్ని ఇచ్చానని తిరిగి చెప్పే పని లేదు. అడిగినన్ని ఇచ్చి తీరాలి, ఇవ్వలేకపోతే పీఎన్‌జీ ఎర్రర్ అని పిలవాలి, అక్కడ నుంచి లాంగ్‌జంప్‌తో మీరు ముందే పెట్టుకున్న చోటికి ఎగిరి వస్తుంది. మధ్యలో సీ ప్లస్ ప్లస్ వస్తువులుంటే వాటి డిస్ట్రక్టర్లు నడవకపోవచ్చు, కాబట్టి ఆ రొటీన్‌ని సాదా సీ లాగే ఉంచండి, దాంట్లోంచి ఎక్సెప్షన్ బయటికి వదలొద్దు. ఇది పీఎన్‌జీయేనా కాదా అని మీరే ముందు 8 బైట్లు చదివి చూసుంటే, సెట్ సిగ్ బైట్స్‌కి 8 అని చెప్పండి, లేకపోతే అది మళ్లీ ఆ ఎనిమిదీ కావాలంటుంది.

జేపెగ్‌లు చదివే లిబ్‌జేపెగ్ అన్నిటికన్నా పాత పద్ధతిలో ఉంటుంది, అందరూ చిక్కుకునేది ఇక్కడే. ఇది మిమ్మల్ని రీడ్ అడగదు. మీరొక బఫర్ పెట్టి, దాంట్లో తర్వాతి బైటు ఎక్కడుంది, ఎన్ని మిగిలాయి అని రెండు చూపించాలి. అయిపోయినప్పుడు నింపమని పిలుస్తుంది. బైట్లు దాటెయ్ అనే రొటీన్‌లో పాయింటర్‌కి కలిపి, మిగిలిన లెక్కలోంచి తీసేస్తే చాలనిపిస్తుంది. ఫోన్‌తో తీసిన ఫొటో పెట్టి చూడండి, క్రాష్ అవుతుంది. ఫోన్లు జేపెగ్ మొదట్లో ఎగ్జిఫ్ సమాచారం (ఎప్పుడు, ఏ కెమెరాతో తీశారు లాంటివి), చిన్న థంబ్‌నెయిల్ పెడతాయి, ఆ ముక్క 65,535 బైట్ల దాకా ఉండొచ్చు, మీ బఫర్ 4,096 అయితే దాటమన్న లెక్క బఫర్ కన్నా పెద్దది. మిగిలినవి తీసేస్తే సున్నా కిందికి పోయి, మైనస్ లేని రకం కాబట్టి పెద్ద అంకె అయి కూర్చుంటుంది. దాటాల్సింది బఫర్ కన్నా పెద్దదైనంతసేపూ నింపుకుంటూ వదిలేస్తూ పోవాలి, లేదా నేరుగా సీక్ చేసి బఫర్‌ని ఖాళీ చేయాలి.

ఫైలు మధ్యలోనే తెగిపోయి ఉంటే, నింపే రొటీన్ 255, 217 అనే రెండు బైట్లు తనే పెట్టి ఇవ్వడం లిబ్‌జేపెగ్‌తో వచ్చే ఫైలు రొటీన్ చేసే పని, అంటే బొమ్మ ముగిసిందని గుర్తు. అప్పుడు వచ్చినంత బొమ్మ కనిపించి కింద బూడిద రంగు వస్తుంది. మీరూ అదే చేయండి, కానీ హెచ్చరిక కూడా చూపించండి, గ్రానైట్‌లో బూడిద రంగు రాయి కూడా ఉంటుంది మరి. దీంతోపాటు తప్పు జరిగితే లైబ్రరీ పిలిచే ఎర్రర్ ఎగ్జిట్ అనేదాన్ని తప్పకుండా మీది పెట్టుకోండి, వదిలేస్తే అది సందేశం రాసి మొత్తం ప్రోగ్రామ్‌నే మూసేస్తుంది.

రాసే వైపు మాట్లాడుకుందాం. లిబ్‌జేపెగ్‌లో బఫర్ నిండిందని పిలిచే రొటీన్‌లో మొత్తం బఫర్‌ని రాసేయాలి, ఖాళీ ఎంత మిగిలిందనే లెక్కని అక్కడ అసలు చూడకూడదు, ఆ లెక్క ఆ సమయంలో నమ్మదగింది కాదు. ఆ తర్వాత పాయింటర్‌ని మొదటికి, ఖాళీని పూర్తి సైజుకి తిప్పాలి. ముగింపు రొటీన్‌లో మాత్రం బఫర్ సైజులోంచి ఖాళీ తీసేసి మిగిలినన్ని రాయాలి. నేను మొదటిసారి రెండు చోట్లా ఖాళీ లెక్కే వాడాను, ప్రతి నాలుగు వేల బైట్లకి కొన్ని బైట్లు మాయమై, స్లాబ్ ఫొటో పై భాగం బాగుండి కింద రంగులు పట్టీలు పట్టీలుగా జరిగిపోయాయి. చూడటానికి కెమెరా పాడైందేమో అన్నట్టుంది.

లిబ్‌పీఎన్‌జీలో రైట్‌తో పాటు ఫ్లష్ రొటీన్ కూడా ఇవ్వాలి. నాకు ఫ్లష్ అవసరం లేదని నల్ ఇస్తే, అది తన మామూలు ఫ్లష్ పెట్టుకుని మీ హ్యాండిల్‌ని ఫైలనుకుని ఫ్లష్ చేయబోతుంది. ఏమీ చేయని ఖాళీ రొటీన్ ఒకటి రాసి ఇవ్వండి. ఎస్‌టీబీ ఇమేజ్ రైట్‌లో అయితే ఒక్క రొటీన్ చాలు, పీఎన్‌జీకి మొత్తం ఒకేసారి ఇస్తుంది, మిగతావాటికి ముక్కలు ముక్కలుగా ఇస్తుంది, కాబట్టి ఒకే పిలుపులో అంతా వస్తుందని లెక్కేసుకోవద్దు. టిఫ్ రాసేటప్పుడు లైబ్రరీ వెనక్కి వెళ్లి మొదట్లో రాసిన అంకెలు దిద్దుతుంది, అందుకని రైట్‌కి కూడా సీక్ ఉండాలి.

మూటలోకి నేరుగా రాయొద్దని నా గట్టి సలహా. ముందు మెమరీలోకి రాయించుకోండి, అంతా సరిగ్గా వచ్చాకే మూట చివర చేర్చి, అన్నిటికన్నా చివర్లో పట్టికలో పేరు ఎక్కించండి. మధ్యలో కరెంటు పోయినా పాత ఫొటోలకి ఏమీ కాదు, చివర్లో అక్కరకురాని కొన్ని బైట్లు మిగులుతాయి, అంతే. వేసవిలో మా దగ్గర కరెంటు సంగతి తెలిసి రాస్తున్న మాట ఇది.

పైథాన్ వాడేవాళ్లకి పిల్లో అనే ఇమేజ్ లైబ్రరీతో పని సులువు. రీడ్, సీక్, టెల్ ఉన్న ఏ వస్తువైనా ఓపెన్‌కి ఇవ్వొచ్చు. ఓపెన్ అనగానే హెడర్ మాత్రమే చదువుతుంది, పిక్సెల్స్ తర్వాత కావాల్సినప్పుడు చదువుతుంది, కాబట్టి మధ్యలో మీ వస్తువుని మూసేస్తే ఎర్రర్ వస్తుంది, మూసే ముందు లోడ్ అని పిలవండి. సేవ్ చేసేటప్పుడు ఫైలు పేరు లేదు కాబట్టి ఫార్మాట్ ఏంటో మీరే చెప్పాలి.

రెండు థ్రెడ్‌లు, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే రెండు పనులు, ఒకే మూట ఫైలుని పంచుకుంటే, ఒకటి సీక్ చేసి చదివేలోపు ఇంకోటి జరిపేస్తుంది. ఒక్కో థ్రెడ్‌కి మూటని విడిగా తెరవడం అన్నిటికన్నా సుఖం. అది కుదరకపోతే, ప్రతి రీడ్‌లోనూ ముందు నా స్థానానికి సీక్ చేయి, తర్వాత చదువు అనే రెండు పనులకి కలిపి ఒకే తాళం వేయండి. సీక్‌కి ఒకటి, రీడ్‌కి ఒకటి విడివిడిగా వేస్తే ఉపయోగం లేదు.

అంతా రాశాక పరీక్ష ఇట్లా చేయండి. ముందు మీ రొటీన్లు పిలిచినప్పుడల్లా ఎక్కడున్నారు, ఎన్ని అడిగారు, ఎన్ని ఇచ్చారు అని ఒక వరస రాసే లాగ్ పెట్టండి. అదే ఫొటోని ఒకసారి ఫైలు పేరుతో, ఒకసారి మూటలోంచి తెరిచి పిక్సెల్స్ అన్నీ ఒక్కొక్కటిగా పోల్చండి, కంటితో చూసి బాగుందనుకోవద్దు. తర్వాత మీ రీడ్ కింద, అంటే మూటని చదివే చోట, ఎన్ని అడిగినా ఒక్కో బైటే ఇచ్చే పిసినారి రొటీన్ పెట్టి చూడండి, మీ లూప్ సరిగ్గా ఉంటే బొమ్మ నెమ్మదిగా వస్తుంది గానీ తేడా రాదు. సగానికి తెంచిన ఫొటో ఒకటి, ఫోన్‌తో తీసిన ఎగ్జిఫ్ ఫొటో ఒకటి, పట్టిక చివర్లో ఉన్న టిఫ్ ఒకటి మూటలో వేసి పెట్టుకోండి. ఆఖరుగా మూట ముందు భాగంలో ఉత్త సున్నాలు మూడు జీబీలు నింపి, ఆ వెనక ఒక్క స్లాబ్ ఫొటో పెట్టి, విండోస్ మెషిన్ మీద తెరవండి. అది తెరుచుకున్నాకే నేను మళ్లీ చీమకుర్తి వెళ్లి యార్డులో కొత్త ప్రోగ్రామ్ ఎక్కించాను.